మిల్లులో 18446744073709551615 గోతాలు

పోయిన నవంబరులో ఒక శనివారం, కంచం ముందు కూర్చోబోతుంటే ఫోన్ మోగింది. తణుకు అవతల ఉన్న ఒక రైస్ మిల్లు గుమస్తా గారు. వాళ్ల స్టాకు లెక్కల ప్రోగ్రాం రాసిచ్చింది నేనే. ఏడేళ్లుగా పెద్దగా పేచీ లేకుండా నడుస్తోంది.

"ఏవండి మేడం గారూ, భోంచేశారా?" అన్నారు. ఈయన కుశల ప్రశ్నలతో మొదలెట్టారంటే ఎక్కడో కొంప మునిగిందని అర్థం.

"ఇంకా లేదండీ, చెప్పండి."

"ఏం లేదండి. మా గోడౌన్లో ఖాళీ గోతాలు ఎన్నున్నాయో మీ కంప్యూటర్ చెప్తందండి. చదవమంటారా?"

"చదవండి."

"ఒకటి. ఎనిమిది. నాలుగు. నాలుగు. ఆరు. ఏడు. నాలుగు. నాలుగు. సున్నా..."

సున్నా దగ్గర ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగారు. మిగిలింది నేనే అందుకున్నాను. "ఏడు, మూడు, ఏడు, సున్నా, తొమ్మిది, అయిదు, అయిదు, ఒకటి, ఆరు, ఒకటి, అయిదు. అంతేనా?"

అవతల కాసేపు చప్పుడు లేదు. "మీక్కూడా కనబడతందాండి అక్కడ?" అన్నారు.

కనబడటం లేదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా తాతయ్య బట్టీ పట్టించిన పద్యాన్ని చివరి నుంచి మొదటికి చదివాను, అంతే.

తాతయ్య తెలుగు పండితుడు. రిటైరయ్యాక ఊళ్లో పిల్లల్ని అరుగు మీద కూర్చోబెట్టుకుని పద్యాలు చెప్పించేవాడు. వేరే పిల్లలకి పద్యానికి పావలా. నాకు మాత్రం, మనవరాలిని కాబట్టి, అర్ధ రూపాయి. ఈ పద్యానికి మాత్రం ఏకంగా రెండు రూపాయలు పెట్టాడు. పావులూరి మల్లనదని చెప్పేవాడు. మల్లన అంటే నన్నయ కాలం వాడని చెప్పుకునే కవి. మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని తెలుగు చేశాడు. లెక్కల పుస్తకాన్ని పద్యాల్లో రాయడం ఆ రోజుల్లో వింతేమీ కాదు.

శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూ
ధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుం
జర తుహినాంశు సంఖ్యకు నిజంబగు తచ్చతురంగ గేహ వి...

నాలుగో పాదం ఇక్కడ రాయడం లేదు, లెక్కకి అవసరమైనదంతా తుహినాంశుతో అయిపోయింది. తొమ్మిదేళ్ల పిల్లకి ఇందులో ఏం అర్థమవుతుంది? బాణాలు, చంద్రుడు, కొండలు, సముద్రాలు, ఏనుగు. ఏదో అడవి వర్ణన అనుకున్నాను. రెండు రూపాయలు పుచ్చుకుని వెళ్లిపోబోతుంటే తాతయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు. "అమ్మడూ, నువ్విప్పుడు చెప్పింది అంకె. ఎంతో చెప్పు చూద్దాం."

మన్మథుడికి బాణాలు అయిదు, అందుకని శర అంటే 5. చంద్రుడు ఒక్కడే, శశి అంటే 1. షట్క 6. నవరంధ్రాలు కాబట్టి రంధ్రం 9. వియత్తు, గగనం అంటే ఆకాశం, అక్కడ ఏమీ ఉండదు కాబట్టి సున్నా. అగ్నులు మూడు. కులపర్వతాలు ఏడు కాబట్టి నగం, భూధరం, గిరి మూడూ 7. సముద్రాలు నాలుగు, వేదాలు నాలుగు, పద్మజుడి, అంటే బ్రహ్మ ముఖాలు నాలుగు. తర్కాలు ఆరు. దిగ్గజాలు ఎనిమిది. వీటిని భూతసంఖ్యలంటారు. పద్యం ఒకట్ల స్థానం నుంచి మొదలవుతుంది, రాసేటప్పుడు కుడి నుంచి ఎడమకి పోవాలి. తాతయ్య పలక మీద కుడి చివర 5 వేయించి, ఒక్కో మాటకీ ఒక్కో అంకె చొప్పున ఎడమకి నడిపించాడు. పలక చాల్లేదు. చివరి 1 చెక్క ఫ్రేము మీద పడింది.

18446744073709551615.

మన పద్ధతిలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615. నోటితో చెప్పాలంటే లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు, ఆ పైన చిల్లర. ఆ చిల్లరే నలభై లక్షల కోట్ల పైమాట. పద్యంలో మూడు ఒకట్లున్నాయి, శశి, చంద్ర, తుహినాంశు. మూడు చోట్లా చంద్రుడే, వేషాలు వేరు. ఛందస్సు ఎక్కడ ఎన్ని మాత్రలు అడిగితే అంత పొడుగు చంద్రుణ్ణి తెచ్చి పెట్టాడు కవి. ఇంకోటి, నేను పెద్దయ్యాక గానీ గమనించనిది. రెట్టింపుల మీద రెట్టింపులతో తయారైన ఈ సంఖ్యలో 2 అనే అంకె ఒక్కటీ లేదు. కళ్లు, చేతులు, పక్షాలు అంటూ రెండుకి బోలెడు మాటలున్నా మల్లనకి ఒక్కటీ పనికి రాలేదు.

చదరంగం కనిపెట్టిన ఆసామి రాజుని గింజలు బహుమానం అడిగిన కథ తెలియనివాళ్లు ఉండరు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా అరవై నాలుగు గడులూ. పద్యంలోని "చతురంగ గేహ" అదే. మొత్తం కూడటానికి ఒక చిట్కా ఉంది, తాతయ్య చింతగింజలతో చూపించేవాడు. మొదటి గడి పక్కన ఊరికే ఒక గింజ అదనంగా పెట్టు. ఒకటీ ఒకటీ రెండు, రెండో గడికి సమానం. ఆ రెండూ రెండో గడిలో రెండూ నాలుగు, మూడో గడికి సమానం. ఇలా తోసుకుంటూ పోతే బోర్డు దాటి, లేని అరవై అయిదో గడికి సమానమవుతుంది, 2⁶⁴. అరువు తెచ్చిన ఆ ఒక్క గింజ తీసేస్తే మన సంఖ్య. అందుకే దీని అసలు పేరు 2⁶⁴ − 1.

గింజలంటే ఎన్ని అని ఆ మధ్య ఒకసారి వంటింట్లో తూచాను. మా ఇంట్లో సన్నబియ్యం గ్రాముకి తొంభై గింజలు అటూ ఇటూగా తూగాయి. సగం బోర్డు, అంటే ముప్ఫై రెండు గడులు నింపితే 4294967295 గింజలు. సుమారు 48 టన్నులు, రెండు మూడు లారీల సరుకు. ఏ రాజైనా నవ్వుతూ ఇచ్చేస్తాడు. మిగతా సగం కూడా నింపితే 20 వేల కోట్ల టన్నులు దాటుతుంది. ఇప్పుడు ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నుల చిల్లర. అంటే నాలుగు వందల ఏళ్లు లోకమంతా పస్తుండి ఆ ఆసామికి తోలాలి. ఆ రాజు మోసపోయింది బోర్డు సగం దాటాకే.

ఇక గోతాల సంగతి. కంప్యూటర్ లోపల ఒక సంఖ్య దాచుకోవడానికి మేం సాధారణంగా 64 గడులు కేటాయిస్తాం. ఒక్కో గడిలో 0 గానీ 1 గానీ. ఆ గడినే బిట్ అంటాం. చదరంగం బోర్డుకీ 64, దీనికీ 64. కావాలని కాదు, 8 ఎనిమిదులు రెండు చోట్లా వచ్చాయి, అంతే. గడికి విలువ మాత్రం అచ్చం గింజల్లాగే, 1, 2, 4, 8... అన్ని గడుల్లోనూ 1 ఉంటే మల్లన సంఖ్య. అంతకు మించి అందులో పట్టదు. గోతాల లెక్కకి మైనస్ ఎందుకులే, గోతాలు సున్నాకి తగ్గవు కదా అని ఏడేళ్ల కిందట నేను మైనస్ గుర్తు పట్టని రకం సంఖ్యగా రాసి పారేశాను. సున్నాలోంచి ఒకటి తీసేస్తే ఏమవుతుంది? పాత స్కూటర్ మీటరులో 00000 దగ్గర చక్రం ఒక్క అడుగు వెనక్కి తిప్పితే 99999 వస్తుంది చూడండి, అదే. అన్ని గడులూ ఒకేసారి 1 అయిపోతాయి. కాబట్టి మిల్లులో జరిగింది ఒక్కటే. లెక్కలో ఉన్న గోతాల కంటే ఒక్కటి ఎక్కువ బయటికెళ్లింది. తప్పు పూర్తిగా నాదే. అన్నం చల్లారిపోయింది.

ఆ సాయంత్రం కోడ్ సరిచేశాను. కానీ ఆ సంఖ్య బుర్రలోంచి పోలేదు. మర్నాడు బస్సెక్కి అమ్మ దగ్గరికి వెళ్లి, అటక మీది తాతయ్య ట్రంకుపెట్టె దింపించాను. నాకు కావలసింది ఎర్ర అట్ట ఖాతా పుస్తకం. చిన్నప్పుడు చూసిందే. అందులో ఆయన అరవై నాలుగు గడులూ చేత్తో రెట్టించుకుంటూ పోయాడు, పేజీకి పదహారు వరసలు, నీలం సిరా. నలభై ఒకటో గడి 1099511627776. దాని కింద 2199023255542 అని ఉంది. ఆరు రెళ్లు పన్నెండు, రెండు వేసి ఒకటి చేతిలో పెట్టుకున్నాడు, పక్క అంకెకి కలపడం మర్చిపోయాడు. చివర 52 ఉండాల్సిన చోట 42. పది గింజలు తక్కువ. తెలియక అలాగే చివరిదాకా రెట్టించాడు. ఆ పది అరవై నాలుగో గడికి వచ్చేసరికి 4,19,43,040 అయింది. పద్యంతో పోల్చుకుని ఉంటాడు. మళ్లీ పైనుంచి వెతుక్కుంటూ వచ్చి, ఆ 4 చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, పక్కన "ఇక్కడ చెడింది" అని రాసుకున్నాడు. తర్వాత పేజీల్లో ఇరవై మూడు వరసలూ మళ్లీ మొదటి నుంచి. నేనైతే పుస్తకం విసిరి కొట్టేదాన్ని.

అరవై నాలుగు సార్లు రెట్టించక్కర్లేదు నిజానికి. ఆరు గుణకారాలు చాలు. 2 నుంచి మొదలెట్టి ప్రతిసారీ వర్గం చేస్తూ పోతే 4, 16, 256, 65536, 4294967296, ఆ తర్వాతది మనకి కావలసినదే. తిరుగు బస్సులో ఆఖరి గుణకారం నేనూ చేత్తో చేశాను. పదంకెల్ని పదంకెలతో. రావులపాలెం దగ్గర ఒకసారి తప్పు పోయింది. తొమ్మిదులు తీసేసే పాత పద్ధతితో పట్టుకున్నాను. 4294967296 అంకెలు కూడితే 58, మళ్లీ 13, మళ్లీ 4. నాలుగు నాలుగులు పదహారు, అంటే 7. జవాబు అంకెలు కూడినా 7 మిగలాలి. 18446744073709551616 కి 88, 16, 7. సరిపోయింది.

ఈ వర్గాల దారి ఏ కంప్యూటర్ వాడో కనిపెట్టింది కాదు, పింగళుడి ఛందశ్శాస్త్రంలో ఉంది. పాదంలో ఇన్ని అక్షరాలుంటే ఎన్ని రకాల వృత్తాలు పుడతాయో చెప్పడానికి ఆయన ఇచ్చిన సూత్రం. సంఖ్యని సగం చేయగలిగితే 2 అని రాసుకో. బేసి అయితే ఒకటి తీసి సున్నా రాసుకో. తిరిగొచ్చేటప్పుడు సున్నా దగ్గర రెట్టించు, 2 దగ్గర వర్గం చెయ్యి. ఛందస్సుకీ రెట్టింపులకీ సంబంధం ఏమిటంటారా? ప్రతి అక్షరం గురువో లఘువో అయి తీరాలి. మూడు అక్షరాలకి ఎనిమిది, అవే మనం బళ్లో చదివిన యమాతారాజభానస గణాలు. ఇరవై ఒక్క అక్షరాలకి 20,97,152.

పింగళుడు గుర్తొచ్చాక మల్లన పద్యాన్నే ఒకసారి తూచాలనిపించింది. శరశ, శిషట్క, చంద్రశ, రసాయ, కరంధ్ర, వియన్న, గాగ్నిభూ. న జ భ జ జ జ ర. చంపకమాల. పాదానికి ఇరవై ఒక్క అక్షరాలు. పాత లక్షణ గ్రంథాల్లో ప్రతి వృత్తానికీ ఒక నెంబరుంటుంది, చంపకమాలది 711600. బళ్లో అది పరీక్షకి బట్టీ పట్టాల్సిన అంకె, ఎక్కడిదో ఏ మాస్టారూ చెప్పలేదు. ఎక్కడిదంటే గడుల్లోంచే. గురువు దగ్గర 0, లఘువు దగ్గర 1 వేసుకుని మొదటి అక్షరానికి 1, రెండోదానికి 2, మూడోదానికి 4 అంటూ విలువలు కట్టండి. న గణం మూడూ లఘువులే, 1, 2, 4 కలిపి 7. తర్వాత జ గణంలో మొదటిదీ మూడోదీ లఘువులు, 8, 32. అలా చివరి ర గణం దాకా కూడితే 711599. లెక్క సున్నా నుంచి కాకుండా ఒకటి నుంచి మొదలవుతుంది కాబట్టి ఒకటి కలిపితే 711600. బస్సు తాడేపల్లిగూడెం దాటేటప్పటికి ఈ కూడిక తేలింది. పక్కసీటావిడ నా కాగితం వంక చూసి "చీటీ లెక్కలా అమ్మా?" అంది.

అంటే ఆ పద్యం చెప్పే సంఖ్యా, పద్యం నడిచే నడకా ఒకే రెట్టింపుల గూట్లోవి. పాదానికి అరవై నాలుగు అక్షరాలుండే వృత్తం ఎవరైనా కడితే, అన్నీ లఘువులే అయితే, ప్రస్తారంలో, అంటే అన్ని వృత్తాలనీ వరసగా రాసుకున్న పట్టికలో, దాని వరస ఆఖరిది. కంప్యూటర్ లాగా సున్నా నుంచి లెక్కపెడితే దాని నెంబరు 18446744073709551615. మిల్లు కంప్యూటర్ ఆ శనివారం నాడు అరవై నాలుగు లఘువులు పలికింది.

ఇక ఈ సంఖ్యని పగలగొడితే లోపల ఏముందన్నది తాతయ్య ఎప్పుడూ అడగలేదు. అడిగుంటే ఆయనకి బాగా నచ్చేది. చివర 5 ఉంది కాబట్టి అయిదుతో పోతుంది. అంకెలు కూడితే 87, మూడుతో పోతుంది, తొమ్మిదితో పోదు. తర్వాత? వర్గంలోంచి ఒకటి తీస్తే దాన్ని రెండు ముక్కలు చేయొచ్చు, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. 2⁶⁴ − 1 అంటే 2³² + 1, 2³² − 1 ల లబ్ధం. రెండో ముక్కని మళ్లీ అలాగే. ఉల్లిపాయ ఒలిచినట్టు ఒలిస్తే 3, 5, 17, 257, 65537, 4294967297 వస్తాయి. లోకంలో లెక్కల వాళ్లకి ఈ వరస బాగా తెలుసు, ఇవి ఫెర్మా సంఖ్యలు. ఇవన్నీ ప్రధాన సంఖ్యలేనని ఫ్రాన్సులో ఫెర్మా 1640లో నమ్మాడు. రుజువు చేయలేకపోయాడు. మొదటి అయిదూ నిజంగానే ప్రధానాలు. గాస్ 1796లో, ఇంకా పందొమ్మిది నిండకుండానే, స్కేలూ వృత్తలేఖినీతో 17 భుజాల క్రమ బహుభుజి గీయొచ్చని తేల్చింది ఈ వరసలోని 17 వల్లే. అలా గీయగలమని ఇప్పటిదాకా తెలిసిన బేసి భుజాల ఆకారాలు 31. వాటిలో పెద్దదానికి భుజాలు 4294967295. సగం బోర్డు గింజలు ఎన్నో అన్ని.

ఆరోదాని దగ్గర ఫెర్మా మాట తప్పింది. 1732లో ఆయిలర్ దాన్ని 641తో భాగించాడు, 4294967297 = 641 × 6700417. ఎందుకు పోతుందో భాగించకుండానే చూపించే దారి ఒకటుంది, నాకు అది మహా ఇష్టం. 641 అంటే 640 + 1. అలాగే 625 + 16 కూడా. మొదటిదాని ప్రకారం 641తో భాగించేటప్పుడు 640 అన్నా −1 అన్నా ఒకటే. 640 అంటే 5 × 2⁷. నాలుగుసార్లు గుణిస్తే 5⁴ × 2²⁸ అవుతుంది, −1 ని నాలుగుసార్లు గుణిస్తే 1. కాబట్టి 5⁴ × 2²⁸ కి శేషం 1. రెండోదాని ప్రకారం 625, అంటే 5⁴, −16 తో సమానం, అంటే −2⁴. దాన్ని అక్కడ పెడితే −2³² కి శేషం 1. అంటే 2³² + 1 లో శేషం సున్నా. అయిపోయింది. నాలుగు వాక్యాలు. నేను మొదటిసారి చదివినప్పుడు ఏదో కనికట్టనిపించి మూడుసార్లు వెనక్కి వెళ్లాను.

కాబట్టి మల్లన సంఖ్యలో ఏడు ప్రధానాలు, ఏదీ రెండోసారి రాదు. 3, 5, 17, 257, 641, 65537, 6700417. దీన్ని శేషం లేకుండా భాగించేవి 128, అది కూడా రెండు రెట్టింపులదే. పక్కనే ఉన్న 18446744073709551616 లో రెళ్లు తప్ప ఏమీ లేవు. దాని తర్వాతది, చివర 617, ఎవరికీ లొంగని ఘటం. ఆయిలర్ తర్వాత కూడా దాదాపు నూటయాభై ఏళ్లు పగల్లేదు. 1880లో ఫ్రాన్సులో లాండ్రీ అనే ఆయన 274177 × 67280421310721 అని విడగొట్టాడు, అప్పుడాయనకి 82 ఏళ్లు. ఆయన దగ్గరా ఒక ఎర్ర అట్ట పుస్తకం ఉండే ఉంటుందని నా ఊహ.

సోమవారం మిల్లుకి ఫోన్ చేసి కొత్త ప్రోగ్రాం పెట్టించాను. ఇకమీద ఉన్నదానికంటే ఎక్కువ బయటికి పంపితే "స్టాకు చాలదు" అని ఎర్రగా చూపించి ఆగిపోతుంది.

"మరి ఆ ఒక్క గోతం ఎక్కడిదో తేలిందా అండీ?" అని అడిగాను.

"తేలిందండి. లోడు ఎక్కించేటప్పుడు చీకటిగా ఉందండి. మా వాచ్‌మేన్ కింద పరుచుకుని పడుకునే గోతం కూడా కట్టలో కలిపి ఎక్కించేశారు. అది స్టాకులోది కాదు కదండి. రెండు రాత్రుల నుంచి ఒళ్లు నొప్పులని గోల."

"ఇంకోటి ఇవ్వకపోయారా?"

"ఇద్దామనే చూశానండి. మీరేమో స్టాకు చాలదంటున్నారు."